తెల్ల గిత్త, నల్ల రాయి, బూడిద రంగు ఫోటో

చీమకుర్తి గనుల్లో తీసే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు పాలిష్ పట్టాక నిగనిగలాడే నలుపు. ఒంగోలు గిత్త, మెడ దగ్గరా మూపురం మీదా కాస్త ముదురు ఛాయ ఉన్నా, ఒళ్లంతా తెలుపు. ఖరీదైన కెమెరా ఒకటి తీసుకుని, సెట్టింగులన్నీ ఆటోలో ఉంచి, ఈ రెండింటినీ ఫ్రేము నిండేలా తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలా సందర్భాల్లో రాయి వెలిసిపోయి ఉంటుంది, గిత్త మాసిపోయి ఉంటుంది. నలుపూ తెలుపూ రెండూ బూడిద రంగు వైపు జరుగుతాయి. ఆ ఫోటోలు చూడగానే కొన్న మనిషి నోట వచ్చే మాట ఒకటే: ‘ఇంత డబ్బు పోసి కొన్నాను, దీనికన్నా నా ఫోనే నయం.’

ఆ నిరాశ అర్థం చేసుకోదగ్గదే. కానీ కెమెరా అక్కడ చెడిపోలేదు, తనకు అప్పగించిన పని తు.చ. తప్పకుండా చేసింది. కెమెరాలోని లైట్ మీటర్‌కు ఎదుట ఉన్నది ఎద్దో రాయో తెలియదు. అటు నుంచి ఎంత వెలుగు వస్తోందన్నది మాత్రమే తెలుసు. వెలుగు ఎక్కువగా వస్తోందంటే వస్తువు తెల్లదై ఉండవచ్చు, లేదా ఎండ ఎక్కువై ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేసే దారి మీటర్‌కు లేదు. అందుకని దాన్ని తయారుచేసినవాళ్లు ఒక ఊహను స్థిరపరిచారు: సగటు దృశ్యం తన మీద పడిన వెలుగులో 18 శాతమో అంతకు కొంచెం తక్కువో తిప్పి పంపుతుంది. అంటే మధ్యస్థ బూడిద రంగు. చెట్టూ మనిషీ నేలా ఆకాశమూ కలిసిన మామూలు దృశ్యంలో ఈ లెక్క బాగానే సరిపోతుంది. ఫ్రేమంతా తెలుపో ఫ్రేమంతా నలుపో అయినప్పుడు మాత్రం మీటర్ రెండింటినీ బూడిద వైపు లాగుతుంది.

ఈ సమస్య కెమెరా కంపెనీలకు తెలియనిది కాదు. 1983లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఏ కెమెరా ఫ్రేమును కొన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలోని వెలుగును పోల్చి చూసే పద్ధతిని తెచ్చింది. అప్పటినుంచి ఆ పద్ధతి ఎంతో ముదిరింది. లోపల అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి దాని వెలుగుకు ప్రాధాన్యం ఇవ్వగలవు. అయినా ఇస్కపల్లి ఉప్పు మడుల్లో తెల్లటి కుప్పల నడుమ నిలబడి తీస్తే, ఉప్పు మాసిన గుడ్డలా రావడం నేటికీ మామూలే. మందు చాలా చిన్నది. ఫోటోలో వెలుగును పెంచే, తగ్గించే ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ బటన్ దాదాపు ప్రతి పెద్ద కెమెరాకూ ఉంటుంది. తెల్లని వస్తువుకు ప్లస్ ఒకటి దగ్గర, నల్లని వస్తువుకు మైనస్ ఒకటి దగ్గర మొదలుపెట్టి చూడండి. వెలుగు ఎక్కువగా ఉన్నచోట ఇంకా ప్లస్ పెట్టమనడం మొదట విడ్డూరంగా అనిపిస్తుంది. మీటర్ తెలుపును చూసి జడిసి వెలుగును తగ్గించిందని గుర్తుంటే ఆ విడ్డూరం పోతుంది. ఒక్క జాగ్రత్త: నడి మధ్యాహ్నపు ఎండలో తెల్ల గిత్తకు ఉదారంగా ప్లస్ పెడితే చర్మం మీది ముడతలు, నీడలు అన్నీ చెరిగిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. హద్దు దాటిన చోట్లు మిణుకుమనేలా చూపే హెచ్చరిక మెనూలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి ఉంచుకోవాలి.

ఈ మీటర్ సంగతిని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఆధునిక కెమెరాలో ఇలాంటి ఊహలు డజన్ల కొద్దీ ఉంటాయి. మనం చెప్పకుండా వదిలేసిన ప్రతి విషయాన్నీ ఏదో ఒక ఊహతో అది నింపుకుంటుంది. మన కోరికా దాని ఊహా ఎక్కడ వేరవుతాయో అక్కడ మనకు లోపం కనిపిస్తుంది. వందల వరుసల మెనూను బట్టీ పట్టనవసరం లేదు. పాడైన ఫోటో ముందు కూర్చుని, ఇక్కడ కెమెరా ఏమని ఊహించుకుంది అని అడగడం అలవాటైతే, కావలసిన బటన్ వెతుక్కోవడం పెద్ద పని కాదు.

ఫోనుతో పోలిక వచ్చింది కనుక అది కూడా తేల్చుకుందాం. ఫోను ఒక్కసారి నొక్కితే ఒక్క ఫోటో తీసి ఊరుకోదు. వరుసగా అనేక ఫ్రేములు పట్టి, వాటిని కలిపి, నీడల్లో వెలుగు పెంచి, ఆకాశంలో తగ్గించి, ముఖం నునుపు చేసి, రంగు దట్టించి మన చేతికి ఇస్తుంది. వండి వడ్డించడం దాని పని. పెద్ద కెమెరా చాలావరకు సరుకులు ఇస్తుంది, వంట మనది. ఇక రెండో తేడా, వెలుగును పట్టి ఫోటోగా మార్చే సెన్సర్ పరిమాణం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. దానికన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. ఫోను సెన్సర్ వీటి ముందు చాలా చిన్నది, దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే దాని లెన్సు కొలత, అంటే ఫోకల్ లెంగ్త్, కూడా కొద్ది మిల్లీమీటర్లే. అందువల్ల ఫోనులో మూడు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే ఒకటిన్నర మీటరు నుంచి అవతల కనుచూపు మేర వరకు దాదాపు అంతా స్పష్టంగానే వస్తుంది. ఫోకస్ తప్పే అవకాశమే తక్కువ.

అదే చోట ఏపీఎస్-సీ కెమెరాకు 50 ఎంఎం లెన్సు తగిలించి, లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ను, బాగా తెరిచి ఎఫ్ 1.8లో పెట్టి తీస్తే, స్పష్టంగా ఉండే మందం మొత్తం పాతిక సెంటీమీటర్ల చిల్లర. నెల్లూరు కల్యాణ మండపంలో దండలు మార్చుకున్న జంటను ఇలా తీస్తే ఏమవుతుందో ఊహించుకోండి. వధువు కన్ను మీద ఫోకస్ పడింది, వరుడు అర అడుగు వెనక నిలబడ్డాడు, అతని ముఖం మెత్తబడిపోయింది. లెన్సు బాగోలేదని మర్నాడే దుకాణానికి పరుగు. అపెర్చర్‌ను 5.6కు మార్చి ఆ రంధ్రాన్ని చిన్నది చేస్తే ఆ మందం 80 సెంటీమీటర్లకు పెరుగుతుంది, ఇద్దరూ హాయిగా అందులో ఇముడుతారు. వెనక ఉన్న పూల అలంకరణ మరీ కరిగిపోదు, అంతే. వెనక భాగం కరిగిపోవడమే పెద్ద కెమెరాకు గుర్తు అన్న ప్రచారం వల్ల చాలామంది అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఇక దాన్ని ముట్టుకోరు. ఆ ప్రచారం మీద నాకు గౌరవం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఫోటో స్పష్టంగా లేదన్నది. ఈ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉంటాయి, వేటి వైద్యం వాటిదే. అదృష్టవశాత్తూ ప్రతి డిజిటల్ ఫోటో తన జాతకాన్ని తనలోనే దాచుకుంటుంది. వెలుగు ఎంతసేపు లోపలికి వచ్చిందో చెప్పే షట్టర్ స్పీడ్, అపెర్చర్, పడిన వెలుగును ఎంత పెంచి చూపిందో చెప్పే ఐఎస్‌ఓ, ఫోకల్ లెంగ్త్, తీసిన సమయం అన్నీ ఫైలులో నమోదై ఉంటాయి. ఎగ్జిఫ్ అని పిలిచే ఈ వివరాలను కంప్యూటర్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచినా చూడవచ్చు. ఫోటోను పెద్దది చేసి చూస్తూ, పక్కనే ఆ అంకెలు పెట్టుకుంటే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

ఫ్రేమంతా ఒకే దిశలో అలికినట్టుగా ఉంటే చెయ్యి కదిలింది. పాత లెక్క ప్రకారం షట్టర్ స్పీడ్ ఫోకల్ లెంగ్త్‌కు విలోమంగా ఉండాలి. ఏపీఎస్-సీ కెమెరాలో ముందు ఫోకల్ లెంగ్త్‌ను ఒకటిన్నరతో హెచ్చించాలి. 250 ఎంఎం దగ్గర తీస్తుంటే 1/400 సెకను అన్నమాట. వెనకున్న గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రం అలికిపోతే మనిషి కదిలాడు. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుంది గాని ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే చేతులను సాయంకాలం 1/30 సెకనులో పట్టబోతే, స్టెబిలైజర్ ఎంత మంచిదైనా చేతులు చెరిగిపోతాయి. మనిషి అస్పష్టంగా ఉండి అతని వెనకున్న కొమ్మ ఆకులు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంటే, ఫోకస్ తప్పు చోట పడింది. ఇది వేరే కథ, అసలు చిక్కంతా ఇక్కడే.

ఆటోఫోకస్‌కు రెండు సంగతులు చెప్పాలి: ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో. ఎక్కడ అన్నది చెప్పకపోతే కెమెరా ముఖాల కోసం వెతుకుతుంది. అవి దొరకకపోతే సాధారణంగా అన్నిటికన్నా దగ్గరగా, గీతలు స్పష్టంగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో దీనికి మంచి పరీక్ష దొరుకుతుంది. నేలపట్టు 2022లో జరిగిన జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, నెల్లూరు వాళ్లకు అది ఇప్పటికీ సొంత ఊరి చెరువే. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. పక్షికీ మనకూ మధ్య పది కొమ్మలు. ఆటోలో వదిలేస్తే కెమెరా ముందు కొమ్మను పట్టుకుంటుంది. దాని లెక్కలో అది సరైన జవాబే. ఒక్క చిన్న ఫోకస్ పాయింటును ఎంచుకుని, దాన్ని కొమ్మల సందులోంచి పక్షి తల మీద పెడితే చిక్కు విడుతుంది. కొత్త కెమెరాల్లో పక్షి కన్నును గుర్తించే సదుపాయం ఉంటుంది. అయితే చాలా వాటిలో మనుషుల నుంచి పక్షులకు మార్చుకోవలసింది మనమే. అది మనిషి మీదే ఉండిపోతే, ఎన్ని లక్షల కెమెరా అయినా ఆ కొమ్మల్లో మనుషుల కోసమే వెతుకుతుంది.

ఎంతసేపు అన్నది రెండో సంగతి. ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయే పద్ధతిని కెనాన్ వన్ షాట్ అంటుంది, నికాన్, సోనీ ఏఎఫ్-ఎస్ అంటాయి. బటన్ సగం నొక్కి పట్టినంతసేపూ ఫోకస్ మారుస్తూ వెంటాడే పద్ధతి కెనాన్‌లో సర్వో, మిగతా వాటిలో ఏఎఫ్-సీ. ఎగిరి వస్తున్న గూడబాతును మొదటి పద్ధతిలో తీస్తే, ఫోకస్ పట్టిన క్షణానికీ షట్టర్ తెరిచిన క్షణానికీ మధ్య పక్షి ముందుకు వచ్చేస్తుంది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. ఒకసారి పట్టే పద్ధతిలో ఫోకస్ కుదరకపోతే కెమెరా మామూలుగా ఫోటో తీయడానికే ఒప్పుకోదు. బటన్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. లేదంటే లెన్సు కనీస దూరం కన్నా దగ్గరికి వెళ్లి ఉంటారు. కిట్‌లో వచ్చే టెలిఫోటో జూములకు ఆ దూరం సుమారు ఒక మీటరు. వెంటాడే పద్ధతిలో పరిస్థితి తలకిందులు. ఫోకస్ కుదిరినా కుదరకపోయినా ఫోటో తీసేయమన్నదే చాలా కెమెరాల్లో ముందుగా పెట్టి ఉంచే అమరిక. పది ఫ్రేముల్లో నాలుగు మెత్తగా వచ్చాయంటే కారణం అది కావచ్చు. మెనూలో ఫోకస్ ప్రయారిటీ, రిలీజ్ ప్రయారిటీ అనే మాటల దగ్గర దీన్ని మార్చుకోవచ్చు.

చీమకుర్తి రాయి దగ్గరికి మరోసారి వెళ్లాలి. పాలిష్ చేసిన పలకను అమ్మకానికి ఫోటో తీసేవారు ఎదుర్కొనే ఇబ్బంది విచిత్రమైనది. ఆ పలక అద్దం కూడా. కెమెరా పలక ఉపరితలాన్ని వదిలేసి, అందులో కనిపిస్తున్న ఎదుటి షెడ్డు ప్రతిబింబాన్ని ఫోకస్ చేస్తుంది. ఆ ప్రతిబింబం కాంతిశాస్త్రం ప్రకారం పలక వెనక, షెడ్డు ఎంత దూరంలో ఉందో అంత లోతున ఉంటుంది. కనుక రాతిలోని బంగారు చుక్కలు, బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపులవి, మసకబారిపోతాయి. ఇక్కడ ఏ ఆటో పద్ధతికీ నచ్చజెప్పే ప్రయత్నం చేయకుండా మాన్యువల్ ఫోకస్‌కు మారి, తెర మీద బొమ్మను పెద్దది చేసి చుక్కలు పదునెక్కేదాకా రింగు తిప్పడమే తేలిక.

చీకట్లో తీసిన ఫోటోలో ఇసక చల్లినట్టు కనిపించే గింజల విషయంలో నిందంతా ఐఎస్‌ఓ మోస్తుంది. చాలావరకు అది అన్యాయం. కాంతి కణాలు సెన్సర్ మీద వర్షపు చినుకుల్లా చెదురుమదురుగా పడతాయి. ఒక చుక్క మీద సగటున 10,000 కణాలు పడితే అందులో హెచ్చుతగ్గులు 100 వరకు ఉంటాయి, అంటే ఒక శాతం. 100 కణాలే పడితే హెచ్చుతగ్గులు 10, అంటే పది శాతం. కంటికి గింజలుగా కనిపించేది ముఖ్యంగా ఇదే. ఐఎస్‌ఓ పెంచడం సెన్సర్ మీద పడే వెలుగును పెంచదు, పడినదాన్ని పెద్దది చేసి చూపుతుంది. వెలుగు తక్కువన్నదే జబ్బు, ఐఎస్‌ఓ అంకె జ్వరం కొలత మాత్రమే. గింజలకు భయపడి ఐఎస్‌ఓను 400 దగ్గర బిగించి, షట్టర్‌ను 1/20కి దించి, ముఖాలన్నీ అలికించుకోవడం కన్నా 3200కు వెళ్లడం నయం. గింజలను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని అంత నమ్మకంగా తిరిగి తేలేం.

ఈ మధ్య పెళ్లి వేదికల మీద తీసే ఫోటోల్లో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయని స్టూడియోల వాళ్లు కంగారు పడుతున్నారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది కాబట్టి, దానితో వెలిగే చవకరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు. షట్టర్ 1/500 సెకనులో ఉంటే సెన్సర్ అంతా ఒకేసారి తెరుచుకోదు, సన్నని సందు దాని మీదుగా జరుగుతుంది. ఆ ప్రయాణంలో దీపం ఆరిన క్షణం చారగా పడుతుంది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఇది మరీ ఎక్కువ. మెకానికల్ షట్టర్‌కు మారి, 1/100 లేదా 1/50 దగ్గర తీస్తే చాలావరకు పోతుంది. వెనక పెట్టే పెద్ద ఎల్‌ఈడీ తెరల మిణుకు లెక్క వేరు కనుక, వాటికి ముందుగా నాలుగు ఫ్రేములు తీసి చూసుకోక తప్పదు.

సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే రా ఫైలు గురించి రెండు మాటలు చాలు. కెమెరాయే దిద్ది, కుదించి ఇచ్చే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. తర్వాత దిద్దుకోవడానికి వీలు ఎక్కువ. దిద్దే ఓపిక లేనివారికి రా ఫైలు చప్పగా కనిపిస్తుంది, అది లోపం కాదు. ఓపిక లేకపోతే జేపెగ్‌లో తీసుకోవడంలో తప్పూ లేదు.

మన సముద్రతీరపు గాలి కూడా కొన్ని నిందలు మోయాలి. ఏసీ కారులో మైపాడు వెళ్లి, దిగగానే సూర్యోదయం తీయబోతే చల్లటి లెన్సు మీద ఆవిరి పేరుకుంటుంది. ఎన్నిసార్లు తుడిచినా గాజు వేడెక్కేదాకా మళ్లీ పడుతూనే ఉంటుంది. కెమెరాను సంచీలోనే మూసి ఉంచి, బయటి వేడికి అలవాటు పడనివ్వాలి, అరగంట ముందే ఏసీ ఆపేయడం ఇంకా మంచిది. ఇక పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే దారిలో పదకొండు గంటల ఎండలో దూరంగా ఉన్న ఫ్లెమింగోలను తీసి, లెన్సు పదును లేదని వాపోతే ఎవరేం చేయగలరు? నేల నుంచి లేచే వేడిగాలి పొరలు కాంతిని వంకరలు తిప్పుతాయి. లక్షల ఖరీదు చేసే లెన్సులోంచి కూడా ఆ పక్షులు నీళ్లలో కదిలే నీడల్లాగే కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లాలి, లేదా దగ్గరగా వచ్చిన పక్షులనే తీయాలి. దానికి బటన్ లేదు.

ఇదంతా ఒక్కసారిగా తలకెక్కదు. అన్నీ మాన్యువల్‌లో తీస్తేనే ఫోటోగ్రాఫర్ అన్న మాట నేను నమ్మను. కెమెరాకు ఏ నిర్ణయాలు వదిలేయాలో తెలియడం కూడా నేర్పే. పక్షులకు నాకు నచ్చిన పద్ధతి ఇది: షట్టర్ 1/1600, అపెర్చర్ లెన్సు అనుమతించినంత, ఈ రెండూ మనవి; ఐఎస్‌ఓ మాత్రం ఆటోలో. వెలుగు మారుతుంటే ఆ ఒక్క అంకె తంటాలు అది పడుతుంది. నేర్చుకునేటప్పుడు ఒక్కో వారం ఒక్క సంగతినే మార్చి చూడడం మేలు. వెంటాడే ఫోకస్ సాధనకు నేలపట్టు దాకా వెళ్లనవసరం లేదు. వీధి చివర నిలబడి ఎదురుగా వచ్చే సైకిళ్లను తీసినా సరిపోతుంది. ఈ సెట్టింగులు పెట్టండి చాలు అని చెప్పే వీడియోలను చూసి అంకెలు అరువు తెచ్చుకుంటే, ఆ వీడియో తీసినవారి వెలుగు కూడా అరువు తెచ్చుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా అయితే మొట్టమొదట సెట్టింగులన్నీ రీసెట్ చేయాలి. పాత యజమాని ఏ బటన్‌కు ఏ పని అప్పగించాడో మనకు తెలియదు.

ఇవన్నీ చూశాక కూడా ఫోటో కుదరడం లేదంటే, అప్పుడు కెమెరాను అనుమానించవచ్చు. నిజంగా లోపాలున్న కెమెరాలూ లెన్సులూ ఉంటాయి. లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌ కెమెరాలలో ఫోకస్‌ను కొలిచే సెన్సర్ వేరుగా, అద్దం కింద ఉంటుంది. అది వెంట్రుకవాసి తేడా పడినా, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి తీసిన ప్రతి ఫోటోలోనూ ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతుంది. వార్తాపత్రికను బల్ల మీద పరిచి, ట్రైపాడ్ మీది కెమెరాను ఏటవాలుగా పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఒకే వరుస మీద ఫోకస్ చేసి తీయండి. అదే వరుసను లైవ్ వ్యూలో తెర మీద చూస్తూ ఇంకోసారి తీయండి. రెండో ఫోటో బాగుండి, మొదటిది పదేపదే ఒకే వైపు తప్పుతుంటే అది కెమెరా తప్పే. కొన్ని కెమెరాల మెనూల్లో దాన్ని సవరించే వీలుంటుంది. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ కొలిచేదీ ఫోటో పట్టేదీ ఒకే సెన్సర్ కనుక ఈ బెడద దాదాపు ఉండదు. ఇటుక గోడకు ఎదురుగా, సమాంతరంగా నిలబెట్టి తీసినప్పుడు ఒక పక్క మూలలు మాత్రమే మెత్తగా వస్తే, లెన్సు లోపలి గాజు పక్కకు ఒరిగి ఉండవచ్చు. ఆకాశాన్ని ఎఫ్ 16లో తీస్తే ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. లెన్సులో టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే బూజు. తీరప్రాంతపు తేమలో, తోలు సంచీలో పెట్టి బీరువాలో మరిచిపోయిన లెన్సులకు ఇది పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే చాలావరకు తప్పుతుంది.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఈ పరీక్షల ఫోటోలను కూడా పట్టుకెళ్లండి, మెమరీ కార్డులో ఉన్న అసలు ఫైళ్లనే. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, ఎగ్జిఫ్ వివరాలూ పోతాయి. అప్పుడు మెకానిక్ కూడా ఊహించుకోవలసిందే.